తినే పువ్వుకు పెరడే సరైన చోటు

గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది. ఎండెక్కేసరికి రేకుల అంచులు లోపలికి ముడుచుకోవడం మొదలవుతుంది, మధ్యాహ్నానికి పువ్వంతా మెత్తబడి వేలాడిపోతుంది. వంటకు పనికొచ్చే దాని ఆయుష్షు కొన్ని గంటలే. కోత, గంప, బండి, అంగడి అనే మజిలీలన్నీ దాటి వంటింటికి చేరే కూరగాయల్లో ఇంత తక్కువ గడువు ఉన్నవి అరుదు. తినదగిన పువ్వుల్లో చాలావాటికి ఇదే ఇబ్బంది. రుచి, రంగు, వాసన అన్నీ ఉన్నా అవి దూరాన్ని ఓర్చుకోలేవు, పది చేతులు మారడాన్ని అసలే ఓర్చుకోలేవు. అందువల్ల పువ్వును ఆహారంగా చూసేటప్పుడు ఎక్కడ కొనాలన్న ప్రశ్న కన్నా ఎక్కడ పెంచాలన్న ప్రశ్న ముందుకు వస్తుంది. జవాబు చాలామటుకు పెరడో, మిద్దెతోటో, ఎండ తగిలే వసారాలోని నాలుగు కుండీలో అవుతుంది.

గడువు ఇంత తక్కువగా ఉండటానికి కారణం పువ్వు స్వభావంలోనే ఉంది. ఆకు మొక్కకు ఆహారం తయారుచేసి పెడుతుంది కాబట్టి మొక్క దాన్ని చాలాకాలం కాపాడుకుంటుంది. రేకు బాధ్యత అంత సుదీర్ఘమైనది కాదు. తేనెటీగనో సీతాకోకచిలుకనో పిలిచి, పుప్పొడి చేరవలసిన చోటికి చేరేలా చూడటంతో దాని అవసరం తీరిపోతుంది. చాలా జాతుల్లో పరాగ సంపర్కం జరగగానే పువ్వులో ఇథిలీన్ వాయువు ఉత్పత్తి పెరుగుతుంది, దాని ప్రభావంతో రేకులు వాడి రాలిపోతాయి. పైగా రేకు పలచన, దాని మీది మైనపు పొర కూడా పలచన, కోసిన తర్వాత శ్వాసక్రియ వేగం ఎక్కువ. ఫ్రిజ్‌లో, తడిపి పిండిన కాగితం మీద పరిచి మూత బిగించిన డబ్బాలో పెడితే వయోలా, నస్టర్షియం వంటి చిన్న తోటపూలు రెండు మూడు రోజులు నిలుస్తాయి. గుమ్మడి పువ్వు మర్నాటికే నీరసిస్తుంది.

దూరం ఒక్కటే సమస్య అయితే శీతల రవాణా దాన్ని కొంతవరకు తీర్చేది. అంతకన్నా పెద్ద చిక్కు, ఆ పువ్వు ఎలా పెరిగిందో తెలియకపోవడం. కూరగాయ పంటల మీద కొట్టే మందులకు, కొట్టిన తర్వాత ఎన్ని రోజులు ఆగి కోయాలన్న గడువు ఉంటుంది, ఎంత అవశేషం మిగలవచ్చన్న పరిమితి ఉంటుంది. అలంకరణ కోసం పెంచే పువ్వు తినే వస్తువుగా లెక్కలోకి రాదు కాబట్టి ఆ గడువులు పాటించాలన్న ఆలోచన పెంచేవారికి ఉండదు. పుష్పగుచ్ఛాల కోసం సాగుచేసిన గులాబీ జాతిరీత్యా తినదగినదే. అయినా ఆ తోటలో తెగుళ్ల మందు కోతకు ముందు రోజు కూడా పడి ఉండవచ్చు, కోసిన తర్వాత కాడలను నిల్వ రసాయనాల్లో నిలబెట్టి ఉండవచ్చు. పువ్వు తినదగినదో కాదో దాని జాతి సగమే చెబుతుంది, మిగతా సగం పెంచిన చెయ్యి చెప్పాలి. తినదగిన పువ్వుల జాబితా చేతబట్టుకుని పూల దుకాణానికి వెళ్లేవారు మరిచిపోయేది ఈ రెండో సగాన్నే.

నర్సరీ నుంచి తెచ్చిన పూల మొక్క విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఇమిడాక్లోప్రిడ్ వంటి పురుగుమందులు మొక్క శరీరమంతటా వ్యాపించే రకానికి చెందినవి. వేరు దగ్గర వేసినా ఆకుకు, పుప్పొడికి, మకరందానికి చేరతాయి, పైపైన కడిగితే పోవు. మొక్క పొట్టిగా గుబురుగా కనిపించడానికి ఎదుగుదలను అదుపుచేసే రసాయనాలు వాడటం కూడా పూల నర్సరీల్లో మామూలే. ఏకవార్షిక మొక్కలను మందు పట్టించని విత్తనాలతో మొదలుపెడితే ఈ అనుమానాలన్నీ ఒక్కసారిగా తొలగిపోతాయి. గులాబీ వంటి బహువార్షిక మొక్కను కొనక తప్పనప్పుడు, వచ్చేనాటికి దాని మీద ఉన్న పూలను, మొగ్గలను వదిలేసి, మట్టి మార్చి, కొత్త చిగుళ్ల మీద పూత వచ్చేదాకా కనీసం ఒక ఋతువు ఆగడం మంచిది.

ఇక గుర్తింపు విషయంలో పొరపాటుకు తావే ఉండకూడదు. ఇక్కడ వాడుక పేర్లను నమ్ముకోలేము. గన్నేరు, పచ్చగన్నేరు, బిళ్ళగన్నేరు మూడూ వేర్వేరు ప్రజాతుల మొక్కలు, మూడూ తినకూడనివే. మొదటి రెండింటిలో గుండె లయను దెబ్బతీసే గ్లైకోసైడ్లు ఉన్నాయి, మూడో దానిలో కేన్సర్ మందులకు మూలమైన విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ వంటి ఆల్కలాయిడ్లు ఉన్నాయి. ఉమ్మెత్తలో అట్రోపిన్, స్కోపొలమిన్, గ్లోరియోసా (అగ్నిశిఖ) తీగలో కొల్చిసిన్ అనే విషాలు ఉంటాయి. బఠానీ పువ్వును, దాని లేత తీగ కొసలను తినవచ్చు. దాదాపు అలాంటి పువ్వే పూసే అలంకార మొక్క స్వీట్ పీ, అంటే లాథిరస్ ఒడొరాటస్, విషపూరితం. మల్లె పూల వాసనను పానీయాలకు పట్టిస్తారు కదా అని, పేరులో మాత్రమే మల్లె ఉన్న కరోలినా జాస్మిన్ తీగ జోలికి పోతే ప్రాణాపాయం. జెల్సీమియం అనే ఆ ప్రజాతికి మల్లెతో చుట్టరికమే లేదు. శాస్త్రీయ నామం స్పష్టంగా తెలియని మొక్క పువ్వు ఎంత అందంగా ఉన్నా కుండీలో ఉండవలసిందే, వంటింట్లోకి రాకూడదు.

ఈ సందర్భంలో తరచు వినిపించే మూడు నమ్మకాలు నిలబడేవి కావు. తేనెటీగలు వాలే పువ్వు మనిషికీ మంచిదే అన్నది మొదటిది. రోడోడెండ్రాన్ పూల మీద తేనెటీగలు నిక్షేపంగా వాలతాయి, ఆ మకరందంలోని గ్రాయనోటాక్సిన్ల వల్ల తేనె కూడా మనుషులకు విషమవుతుంది. ఉడికిస్తే విషం పోతుందన్నది రెండోది. గన్నేరులోని గ్లైకోసైడ్లు ఉడికించినా ఎండబెట్టినా నశించవు. తినకపోయినా పళ్లెం అంచున అలంకారంగా పెట్టవచ్చునన్నది మూడోది. పళ్లెంలో కనిపించేదంతా తినేదే అనుకోవడం భోజనానికి కూర్చున్నవారి సహజ హక్కు, పిల్లల విషయంలో చెప్పనే అక్కర్లేదు.

జాతి సరైనదే అయినా పువ్వులో అన్ని భాగాలూ తినేవి కావు. వయోలా పువ్వును తొడిమ తీసి మొత్తంగా తినవచ్చు కానీ అది మినహాయింపు. గులాబీ, డయాంథస్ (కార్నేషన్ జాతి) రేకుల అడుగున ఉండే తెల్లని మొన చేదు కాబట్టి దాన్ని చిన్న కత్తెరతో వంపుగా కత్తిరించి పారేస్తారు. మందారంలో రేకులు ఉంచుకుని మధ్యన నిలబడే కేసర నాళాన్ని లాగేస్తారు. అరటి పువ్వులో దొప్పల కింద వరుసగా ఉన్న ప్రతి పూవు నుంచీ ఉడకని బిరుసైన కీలాన్ని తీయాలి, ఓపికకు అదొక పరీక్ష. గోంగూర జాతి అయిన హైబిస్కస్ సబ్దరిఫాలో వాడేది అసలు రేకులే కావు. రేకులు రాలిన తర్వాత కాయ చుట్టూ కండపట్టి ఎర్రబడే రక్షక పత్రాలవి, వాటి పులుపే దాని ప్రత్యేకత. కేసరాలు తీసేయడం రుచి కోసమే కాదు. పుప్పొడి పడనివారికి, ఆస్తమా ఉన్నవారికి అది ఇబ్బంది కలిగించవచ్చు, ముఖ్యంగా చామంతి, చామొమైల్, కాలెండులా చేరిన ఆస్టరేసి కుటుంబం పూలతో.

ఏ పువ్వుతో మొదలుపెట్టాలన్న ప్రశ్నకు నస్టర్షియంను మించిన జవాబు దొరకడం కష్టం. బఠానీ గింజంత ముడతలు పడిన విత్తనాన్ని రాత్రంతా నానబెట్టి, ఒకటిన్నర రెండు సెంటీమీటర్ల లోతున నేరుగా కుండీలోనే నాటాలి. వేళ్లు కదిలితే మొక్క బెంగటిల్లుతుంది కాబట్టి నారు పోసి మార్చడం దీనికి నప్పదు. మట్టి మరీ సారవంతంగా ఉండకూడదు. నత్రజని ఎక్కువైతే గొడుగుల్లాంటి ఆకులు విస్తారంగా వచ్చి పువ్వులు వాటి కింద దాక్కుంటాయి, పూత కూడా తగ్గుతుంది. తీవ్రమైన ఎండాకాలంలో పూత ఆగిపోతుంది, చల్లబడ్డాక మళ్లీ మొదలవుతుంది. నారింజ రంగు పువ్వు వెనుక తోకలా సాగిన సన్నని గొట్టం ఉంటుంది, మకరందం అందులోనే. నోట్లో పెట్టుకున్నప్పుడు ముందు తగిలేది ఆ తీపి, నమలగానే ఘాటు ముక్కుకెక్కుతుంది. పువ్వు చిట్లే వరకు గ్లూకోట్రోపియోలిన్ అనే పదార్థమూ, దాన్ని విడగొట్టే మైరోసినేజ్ ఎంజైమూ వేర్వేరుగా ఉంటాయి. పంటి కింద అవి కలిసిన క్షణాన బెంజైల్ ఐసోథయోసయనేట్ పుడుతుంది. ఆవాలు, ముల్లంగి ఘాటుకు కారణమైన రసాయన కుటుంబమే ఇది. ఇదే పువ్వును కూరలో వేసి ఉడికిస్తే ఎంజైము నశించి ఘాటు మాయమవుతుంది, మిగిలేది మెత్తని రేకు మాత్రమే. నస్టర్షియంను పచ్చిగా తినమనడానికి కారణం ఇదే. గొట్టం మొనలో చీమో పేనుబంక పురుగో నక్కి ఉండటం మామూలు కనుక తినే ముందు దాన్ని చిదిమి చూడాలి.

గుమ్మడి పాదుతో లాభం వేరు. ఇందులో మగపూలు, ఆడపూలు విడివిడిగా పూస్తాయి. సన్నని పొడవాటి కాడ మీద నిలబడేది మగపువ్వు, పువ్వు అడుగున చిన్న పిందె కనిపించేది ఆడపువ్వు. సాధారణంగా ముందుగా వచ్చేవి మగపూలే, సంఖ్యలోనూ వాటిదే పైచేయి. పరాగ సంపర్కానికి కొన్నిటిని విడిచి మిగతావాటిని కోసుకుంటే కాయల దిగుబడికి నష్టం రాదు, అంటే ఒకే పాదు నుంచి పువ్వూ కాయా రెండూ దక్కుతాయి. తెల్లవారగానే, పువ్వు పూర్తిగా తెరిచి ఉన్నప్పుడే కోసి, లోపలికి చూసి తేనెటీగ ఉంటే వదిలి, కేసరాన్ని గిల్లివేయాలి. ముడుచుకున్న తర్వాత తెరవబోతే రేకులు చిరుగుతాయి. రుచి స్వల్పమే అయినా తొట్టిలా ఉన్న ఆకారం వల్ల లోపల ఏదైనా కూరి, పిండిలో ముంచి వేయించడానికి దీనికి సాటి లేదు. అలంకారం కోసం పెంచే చేదు గుమ్మడి, సొర రకాలను మాత్రం దీని బదులు వాడకూడదు. ఆ చేదుకు కారణమైన కుకుర్బిటాసిన్లు కడుపును తీవ్రంగా ఇబ్బంది పెడతాయి.

ఎండ ఎక్కువగా ఉండే తోటకు శంఖపుష్పం చక్కగా సరిపోతుంది. చిక్కుడు కుటుంబానికి చెందిన ఈ తీగ తన నత్రజనిని తానే సమకూర్చుకుంటుంది. గింజ పెంకు గట్టిది, గరుకు కాగితం మీద కాస్త రుద్ది నానబెడితే త్వరగా మొలుస్తుంది. రేకులకు రుచి అంటూ పెద్దగా లేదు, దీన్ని పెంచేది రంగు కోసమే. టెర్నాటిన్లు అనే ఆంథోసయనిన్ రంగు పదార్థాల వల్ల వేడి నీటిలో చిక్కటి నీలం దిగుతుంది, నిమ్మరసం చుక్క పడగానే ఊదాకు, ఆపైన గులాబీకి మారుతుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2021లో దీని సారాన్ని ఆహార రంగుగా ఆమోదించింది. గింజలకు, వేళ్లకు విరేచన గుణం ఉంది కాబట్టి వాడకాన్ని పువ్వుకే పరిమితం చేయాలి.

చల్లని వాతావరణంలో కాలెండులా, వయోలా, డయాంథస్ సులువుగా వస్తాయి. కాలెండులాను బంతితో పొరబడుతుంటారు. బంతి టాగెటెస్ ప్రజాతి, దాని రకాల్లో చాలావాటి వాసన ఘాటుగా, రుచి చేదుగా ఉంటుంది. వాటిలో వంటకు ఎక్కువగా నప్పేది సన్నని ఆకుల టాగెటెస్ టెన్యుయిఫోలియా. నీలి నక్షత్రంలాంటి బోరేజ్ పువ్వు దోసకాయ రుచితో ఆకర్షిస్తుంది కానీ ఆ మొక్కలో కాలేయానికి హాని చేసే పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు ఉన్నందున అప్పుడప్పుడు ఒకటి రెండు పువ్వులతో ఆపడం మేలు. అన్నిటికన్నా తక్కువ శ్రమతో దొరికేవి, ప్రత్యేకంగా పెంచనవసరం లేనివి, ముదిరి పూతకొచ్చిన ఆకుకూరల, సువాసన మొక్కల పూలు. కొత్తిమీర, పుదీనా, సోయికూర (డిల్), తులసి జాతి బేసిల్, ఆవ, ముల్లంగి పూతకు రాగానే ఇక పనికిరావని పీకేస్తారు. ఆకులోని రుచే పువ్వులోనూ ఉంటుంది, కొన్నింటిలో కాస్త తీపి కలిసి ఉంటుంది. తినే పూల గురించి మొదటిసారి ఆలోచించే తోటమాలికి కొత్త విత్తనాల కన్నా ఈ పూతను గమనించడమే ముందు పని అనిపిస్తుంది.

పెంపకంలో రోజుకు ఆరు గంటల ఎండ, నీరు నిలవని మట్టి, వేళ్లకు చాలినంత లోతున్న కుండీ ఉంటే ఎక్కువ జాతులు సర్దుకుంటాయి. ఎరువు విషయంలో మాత్రం అలంకార తోటకూ తినే తోటకూ తేడా ఉంది. పువ్వును చాలామటుకు పచ్చిగానే తింటారు, గట్టిగా రుద్ది కడగడానికి అది తట్టుకోదు. పచ్చి పేడ వేస్తే హానికర సూక్ష్మజీవులు రేకుల దాకా చేరే ప్రమాదం ఉంది. అమెరికా సేంద్రియ సాగు నియమాల్లో పచ్చి పశువుల ఎరువు వేశాక, తినే భాగం మట్టిని తాకే పంటకు 120 రోజులు, తాకని పంటకు 90 రోజులు ఆగి కోయాలన్న నిబంధన ఉంది. బాగా మాగిన కంపోస్టు వాడితే ఈ లెక్కతో పని లేదు. నీళ్లు మొక్క మొదలు దగ్గరే పోయాలి, పువ్వు మీద చిలకరిస్తే మచ్చలు పడతాయి. పేనుబంకను నీటి ధారతో కొట్టి రాల్చవచ్చు, గొంగళి పురుగులను చేత్తో ఏరవచ్చు. వేపనూనె సేంద్రియమే అయినా దాని చేదు, వాసన రేకుకు పట్టి వంట పాడవుతుంది కాబట్టి పూత దశలో దాన్ని దూరంగా ఉంచాలి. వాహనాలు తిరిగే బాట పక్కన, పెంపుడు జంతువులు మసలే చోట పూసినవి కోయకపోవడం మంచిది.

మంచు ఆరిన తర్వాత, ఎండ ముదరక ముందు, అప్పుడే విచ్చిన పువ్వును కోయాలి. సాయంత్రం విచ్చే మల్లెకు మాత్రం ఈ సూత్రం తలకిందులవుతుంది. కోసేకొద్దీ మొక్క నష్టపోతుందన్న భయం ఏకవార్షికాల్లో అనవసరం. పువ్వులు తీసేస్తుంటే గింజ కట్టే అవకాశం చిక్కక మొక్క మరిన్ని మొగ్గలు వేస్తుంది. కోసినవాటిని కుళాయి కింద పెట్టకుండా, వెడల్పాటి గిన్నెలో చల్లటి నీళ్లు పోసి తలకిందులుగా ముంచి, సున్నితంగా విదిలించి, గుడ్డ మీద ఆరబెట్టాలి.

వంటింట్లో జరిగే తప్పులు ఎక్కువగా రంగుకు, వాసనకు సంబంధించినవి. ఎరుపు, ఊదా, నీలం రేకుల్లోని ఆంథోసయనిన్లు నీటిలో కరుగుతాయి. ఉడికించిన నీటిలోకి రంగు దిగిపోయి రేకు వెలవెలబోతుంది, వంట సోడా తగిలితే ఎర్ర మందారం రసం ఆకుపచ్చ వైపు తిరుగుతుంది, ఇనుప పాత్రలో నల్లబడుతుంది. పులుపు తోడైతే ఎరుపు నిలుస్తుంది. కాలెండులా, గుమ్మడి పూల పసుపు వేరే తరహా. అది కెరోటినాయిడ్లది, నీటికి లొంగక నూనెలో, నెయ్యిలో కరుగుతుంది, వేడికీ బాగా ఓర్చుకుంటుంది. కాలెండులా రేకులను నూనెలో వెచ్చచేసి వాడితే వంటకమంతా పసుపు పరుచుకుంటుంది. గులాబీ పరిమళంలోని జెరానియోల్, సిట్రోనెల్లోల్ వంటివి ఆవిరయ్యే పదార్థాలు కాబట్టి రేకులను పాకంలో వేసి మరిగించడం కన్నా, పొయ్యి ఆర్పాక పాకంలో వేసి మూతపెట్టి ఊరనివ్వడమే ఫలితమిస్తుంది.

పూలలో పోషకాల గురించి జరుగుతున్న ప్రచారాన్ని కాస్త దించి చూడాలి. యాంటీ ఆక్సిడెంట్లు, విటమిన్లు ఉన్న మాట నిజమే అయినా ఆ అంకెలన్నీ వంద గ్రాములకు చెప్పేవి. నస్టర్షియం పువ్వు ఒక్కటి ఒక గ్రాముకు అటూ ఇటూ తూగుతుంది, పళ్లెంలో పడేవి నాలుగో ఐదో. పువ్వును రుచికి, రంగుకు, భోజనం మీద కలిగే ఇష్టానికి తినాలి, మందుగా కాదు. ఎండిన హైబిస్కస్ సబ్దరిఫా పానీయాన్ని రోజూ తాగితే రక్తపోటు కొంత తగ్గుతుందని పరిశోధనల్లో కనిపించింది. అందుకే రక్తపోటుకు మందులు వాడేవారు వైద్యుణ్ణి అడిగి తాగడం అవసరం. మొదటిసారి తినేవారు ఏ కొత్త పువ్వునైనా ఒక్కటే, అదీ మరో కొత్త పదార్థంతో కలపకుండా తిని ఒక రోజు చూడాలి. ఒంటికి పడకపోతే కారణమేమిటో అప్పుడే తెలుస్తుంది.

నిల్వ చేయడంలో ఎండబెట్టడం అన్నిటికన్నా నమ్మకమైనది. నీడలో, గాలి ఆడే చోట పలచగా పరిచి, గలగలలాడేలా ఎండాక చీకటి చోట ఉంచితే కాలెండులా, చామొమైల్, హైబిస్కస్ నెలల తరబడి వాడుకోవచ్చు. తాజా పూలను నూనెలో ముంచి బయట ఉంచే పద్ధతి చూడముచ్చటగా ఉన్నా ప్రమాదకరం. పువ్వులోని తేమ, నూనె అడుగున గాలి లేకపోవడం, పులుపు లేకపోవడం ఈ మూడూ కలిసి బొట్యులిజం అనే ప్రాణాంతక ఆహార విషప్రభావాన్ని కలిగించే బాక్టీరియాకు అనువుగా ఉంటాయి. వెనిగర్‌లో ఆ భయం లేదు. నస్టర్షియం పువ్వులు వేసిన వెనిగర్ కొన్ని రోజుల్లో నారింజ రంగు పట్టి, కొద్దిపాటి ఘాటు సంతరించుకుంటుంది. కోయకుండా వదిలిన నస్టర్షియం పువ్వులు మూడేసి గింజల గుత్తులుగా మారతాయి. పచ్చిగా, గట్టిగా ఉన్నప్పుడు తీసి ఉప్పు నీటిలో నానబెట్టి వెనిగర్‌లో వేస్తే అవి కేపర్ల (ఊరబెట్టి వాడే ఒక రకం మొగ్గలు) బదులు పనికొస్తాయి. మిగతావి ముదిరి గోధుమరంగుకు తిరిగి కింద రాలేదాకా ఆగి ఏరి ఆరబెడితే, వచ్చే విత్తుకు మందు తగలని విత్తనం ఇంట్లోనే సిద్ధంగా ఉంటుంది.